మూడు

లెక్కింపు అయిన నాలుగో రోజు
గనిరాజు బడ్డీ దగ్గర, పెసరట్ల పెనం పక్కన
బూత్‌లవారీ కాగితం చదివారు.
వాళ్ళకి ఏడువందల అరవై ఎనిమిది.
మావాళ్ళకి మూడు.

నా ఎదురుగా ఎవరూ నవ్వలేదు.
అదే నయం అనుకున్నాను. కాదు, అదే కష్టం.
గనిరాజు ఇంకో అట్టు వేసి
"తినండి, అల్లం ఎక్కువేశానండి" అన్నాడు,
చావు పలకరింపుకి వచ్చినవాడి గొంతుతో.

పంతొమ్మిదేళ్ళయింది నేనీ లంకలో దిగి.
పంటు మీంచి వైండింగ్ మిషనూ
రాగితీగ చుట్టలూ దించుకుని.
కాలిపోయిన మోటారుకి పార్టీ ఉండదు గనక
ఈ ఊళ్ళో నాకు అన్నం ఉంది.
అర్ధరాత్రి రొయ్యల చెరువులో ఏరేటర్ ఆగిపోతే
లుంగీ ఎగ్గట్టి పరిగెత్తేది నేను,
టార్చి పట్టేది వాళ్ళు.
చేతులు ఖాళీ లేక నేను తిట్టుకుంటుంటే
నా మెడ మీద దోమని కొట్టేదీ వాళ్ళే,
మొన్న మా నాయకుడి బొమ్మని
గాడిద మీద ఊరేగించినవాళ్ళే.

కౌలుదారుడికి కార్డు ఇవ్వాలంటాను నేను.
ఇస్తే పొలం పోయినట్టే అంటాడు గనిరాజు.
ఆ మాట వచ్చినప్పుడు అతని గొంతు మారుతుంది,
నాదీ మారుతుంది.
మధ్యలో చట్నీ గిన్నె మీద
ఈగ వాలినా ఎవరూ తోలం.

వాళ్ళ జెండాకి గొయ్యి మా గేటు పక్కనే తవ్వారు.
"అడ్డమైతే చెప్పండి, జరుపుతాం" అన్నారు.
అడ్డం కాదన్నాను.
వానకి తడిసి అది నా కిటికీని
రాత్రంతా తడిచేత్తో కొట్టేది.
ఒకరాత్రి లేచి, విప్పి, నీళ్ళోడ్చి పిండి
మళ్ళీ కట్టాను.
ఎందుకో అడక్కండి.

మూడు.
ఒకటి నాది.
ఒకటి మా సుభాషిణిది.
మరి మూడోది?

దింపు తీసే ఏసుదాసు చెట్టు మీంచి
అందరినీ "ఓయ్, జరగండి" అని అరిచేవాడు
నన్ను మాత్రం "చూసుకోండి" అన్నాడెందుకు?
రేవులో బిందె ముంచుతూ వీరలక్ష్మి
మా ఇంటివైపు ఆగి చూసింది, ఎందుకు?
పల్లాలరావు తాత గోటి మీద సిరా మచ్చ
గోరుతోపాటే పైకి పాకుతోంది.
అందరి వేలి మీదా అదే మచ్చ.

ఊరినంతా అనుమానించాను.
అనుమానం ఇంత తియ్యగా ఉంటుందని
ఈ వయసుదాకా తెలీదు నాకు.
మీటరు రీడింగు కుర్రాడు మంచినీళ్ళడిగితే మజ్జిగిచ్చాను.
కిందటేడు నా డబ్బు ఎగ్గొట్టినవాడితో కూడా
తగ్గి మాట్లాడాను.
ఏమో, వాడేనేమో.

శ్రావణంలో గోదారొచ్చింది.
ఎర్రనీళ్ళు అరుగెక్కి, గడప తడిపి, లోపలికొచ్చాయి.
గనిరాజూ అతని తమ్ముళ్ళూ
నడుంలోతు నీళ్ళలో నిలబడి
నా షాపులో మోటార్లన్నీ అటకెక్కించారు.
మర్నాడు గట్టు మీద బడిలో పులిహోర పంచారు,
సంచి మీద వాళ్ళ నాయకుడు నవ్వుతున్నాడు.
గనిరాజు నా వంతు వచ్చేసరికి
సంచిని తిరగేసి
బొమ్మని లోపలికి పెట్టి ఇచ్చాడు.
ఏం మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు.
ఉప్పు తక్కువైంది. బావుందన్నాను.

ఆ రాత్రి కరెంటు లేదు.
పక్కన గోనెపట్టా మీద సుభాషిణి
"ఓ మాట చెప్పనా, కోప్పడకండి" అంది.
"నేను వాళ్ళకే వేస్తన్నాను.
ఇప్పుడు కాదు, మూడు ఎలక్షన్ల నించీ."

కప్పలు అరుస్తున్నాయి.
ఎక్కడో గేదె ఒకటి నీళ్ళలో కదిలింది.
ఏడుస్తుందేమో అనుకున్నాను,
మాట దించేసుకుని హాయిగా నిద్రపోయింది.

అయితే ఇంకా ఇద్దరున్నారు.

వరండాలో వరసగా పడుకున్న ఊరు.
ఎవరో దగ్గారు, ఎవరో పసివాణ్ణి జోకొట్టారు.
మోచేతి మీద లేచి, గోడవైపు నించి
మొదటి ముఖం దగ్గర
మళ్ళీ మొదలుపెట్టాను.